నేను కడిగేసిన స్లైడులు

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో చదువుకు ఉన్న మర్యాదే వేరు. పద్మారావు నగర్‌లో ఏ మేడ చూసినా కంప్యూటర్ క్లాసు బోర్డే. మూడు నెలలు ఆ మెట్లు ఎక్కి దిగిన కుర్రాళ్లను పరాయి దేశాలు విమానం టికెట్టు ఇచ్చి మరీ పిలుచుకునేవి. ఆ బోర్డుల కిందే ఉన్న మా రక్తపరీక్షల ల్యాబులో, ఏళ్లకేళ్లు చదివిన డాక్టరమ్మను మాత్రం "నువ్వు చదివింది చదువేనా?" అని అడిగేవి. నేను ఆ ల్యాబులో ఆయాను. నలభై లోపు వయసు, నాలుగో తరగతి చదువు. (చీపురు పట్టడానికి ఏ దేశమూ పరీక్ష పెట్టదు, అదొక్కటే నా అదృష్టం.)

ఆ డాక్టరమ్మను మేం చిన్న మేడం అనేవాళ్లం. విశాఖ వైపు పిల్ల. పెళ్లయిన ఆర్నెల్లకే భర్తను అతని కంపెనీ యూరప్‌లో ఒక చలి దేశానికి పంపింది (ఆ దేశం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు). ఈమె కూడా వెళ్లి అక్కడ డాక్టరుగానే పనిచేయాలంటే, అక్కడి డాక్టర్ల సంఘం ఈమె శిక్షణను ఒప్పుకోవాలి. మన దగ్గర రక్తం చూసేవారు వేరు, క్రిములు చూసేవారు వేరు, రసాయనాలు చూసేవారు వేరు. అక్కడ మూడూ ఒక్కరే చూడాలట. దాని పక్క దేశంలో ఇంకో లెక్కట. రక్తం అన్ని చోట్లా ఎర్రగానే ఉంటుందని నేను అనుకునేదాన్ని. చదువు తక్కువ కదా.

"వాళ్లు ఒప్పుకోకపోతే ఏం జేస్తవ్ మేడం?" అని ఒకరోజు అడిగాను.

"మొదట్నుంచీ మళ్లీ చదవాలక్కా. లేపోతే అక్కడ వంట చేసుకుంటూ కూకోవాలి."

"వంటకైతే సర్టిఫికెట్ అడగరు తియ్యి," అన్నాను. ఆమె నవ్వలేదు.

ఇంతలో ఆ సంఘం పెద్దాయన ఒకరు ఏదో సభకు హైదరాబాద్ వచ్చి, ఈమె నేర్చుకున్న చోటు చూస్తానన్నాడు. ఆయనకు చూపించడానికి చిన్న మేడం మూడేళ్లుగా దాచుకున్న స్లైడులున్నాయి. గాజుపలక మీద చుక్క రక్తం పరిచి రంగు వేసినవి, ఒక్కో వింత జబ్బుకు ఒక్కోటి. ముందురోజు సాయంత్రం వాటన్నిటినీ ట్రేలో సర్ది, వేరే చోటు లేక సింకు పక్క బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లింది. మా ల్యాబులో సింకు పక్కకు వచ్చిందంటే దాని పని అయిపోయిందని అర్థం. సబ్బునీళ్లలో నానబెట్టి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. (గాజుపలక పారేస్తే నాకు అన్నం పారేసినట్టు ఉండేది.) పైగా ల్యాబు యజమాని, మా పెద్ద సారు, "దొర వస్తున్నాడు, అంతా తళతళలాడాలి" అని చెప్పి వెళ్లారు. తళతళలాడించాను. అంటించిన చీటీలు కూడా గోటితో గీకేశాను.

పొద్దున ట్రే చూసి చిన్న మేడం స్టూలు మీద కూలబడింది.

"ఏటక్కా ఇది? నా స్లైడులేవీ?"

"గవే మేడం. మస్తు మురికుండె. తోమి తోమి చేతులు గుంజుతున్నయ్," అన్నాను, మెప్పు కోసం చూస్తూ.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. దొర వచ్చాక ఆమే జరిగింది చెప్పి, "చెయ్యియ్యక్కా" అని నా వేలికి సూది గుచ్చింది. నేను తోమిన పలక మీదే చుక్క పరిచి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆమె చూసింది. దొర చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే మాట అన్నారు. పెద్ద సారు దానికి అర్థం చెప్పారు.

"నీ ఒంట్లో ఇనుము లేదే తల్లీ. ఏం తింటున్నావ్?"

"పొద్దున చాయ్ సారూ. పగటీలి, రాత్రిది మిగిలితే గది."

"మిగలకపోతే?"

"మళ్ల చాయ్."

అది ఇంగ్లీషులో విని దొర నా వంక జాలిగా చూశాడు. నా పొదుపుకు అంతకు మించిన అవమానం ఎన్నడూ జరగలేదు.

రెండు దేశాల చదువులు ఒక్క చుక్క దగ్గర కలిశాయి కదా, పని అయిపోయిందనుకున్నాను. పిచ్చిదాన్ని. కళ్లతో చూసింది చాలదట, పాత స్లైడులు ఉండేవని కాగితం మీద సాక్ష్యం కావాలట. కడిగిన మనిషే రాసివ్వాలన్నాడు దొర.

నేను తప్పు ఒప్పుకునే రకాన్ని కాదు. కావాలంటే మా ఆయన్ని అడగండి. చిన్న మేడం నన్ను బతిమాలలేదు. పెన్ను నా ముందు పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడింది. పాత రిపోర్టు కాగితం వెనక వైపున (ఖాళీగా ఉంటే వదలడమెందుకు) తెలుగులోనే రాశాను: "స్లైడులు ఉండె. చీటీలు సుత ఉండె. అన్నీ నేనే కడిగిన. మేడం తప్పు లేదు. తప్పు నాది." కింద పెద్ద సారు ఇంగ్లీషు చేసి పెట్టారు.

చాలా నెలలకు జవాబొచ్చింది. రక్తం చదువు ఒప్పుకున్నారు. క్రిములు, రసాయనాలు మాత్రం అక్కడికి వచ్చి మళ్లీ నేర్చుకోవాలి. మొత్తం మళ్లీ చదవడం తప్పింది, అదే పదివేలు అని చిన్న మేడం విమానమెక్కింది. వెళ్లాక ఫోన్ చేసి చెప్పింది. "నా డిగ్రీ మీద ప్రశ్నలేశారక్కా, సారు సంతకం మీద కూడా వేశారు. నీ కాగితం మీద మాత్రం ఒక్కటీ లేదు. ముద్ర కొట్టి ఫైల్లో పెట్టుకున్నారు."

ఇప్పుడు ఆ దేశాలన్నీ కూర్చుని అందరికీ ఒకే శిక్షణ, ఒకే గుర్తింపు అని రాసుకుంటున్నాయట. రాసుకోనీ, తొందరేముంది. మా మనవరాలు మార్కుల గొప్పలు చెప్పినప్పుడల్లా, యూరప్ మారుమాట లేకుండా ఒప్పుకున్నది నా నాలుగో తరగతినే అని గుర్తుచేస్తాను. అది నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ నా కళ్లకు కనిపించేది నేరేడ్‌మెట్ బస్సు తప్ప వేరే ప్రయాణం తెలియని ఆనాటి ఆ గయ్యాళి. తల వంచుకుని, "తప్పు నాది" అన్న రెండు మాటలకు అరగంట తీసుకున్న మనిషి. పక్కనే కూర్చుని, కానియ్యవే, ఏం కాదులే అనాలనిపిస్తుంది.