రాగితీగ కాలి వీరుడు

విరిగిన దంతంతోనే తొలిపూజ అందుకొనే వేల్పునకు మ్రొక్కి, శ్రీ క్రోధి నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ విదియనాడు, ఇంకా చల్లారని కోపంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నిన్న మదనపల్లె దగ్గరి అంగళ్లు ఊళ్లోని ఒక కళాశాలలో విద్యార్థుల హస్తకళా ప్రదర్శనకు మా అన్నగారిని పెద్దమనిషిగా పిలిచారు. ఎనభై దాటిన వారి చేయి పట్టుకొని నేనూ వెంట వెళ్లాను. ఇంగ్లీషు చిత్రకథల వీరుల బొమ్మలను, జానెడైనా లేనివాటిని, ఆ పిల్లలు తమకు తోచినట్లు మార్చి, రంగులు వేసి, అద్దాల పెట్టెలలో నిలిపారు. వాటిలో ఒక వీరునికి ఒక కాలు లోహంతో చేసినది. అన్నగారు దాని ముందు ఆగి, "ఎంత మంచి ఆలోచనమ్మా, ఇట్లాంటోళ్లు గూడా వీరులే అని సూపించినావు" అని ఆ విద్యార్థినిని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు కలవలేదు.

తొంభైలలో నేను మదనపల్లెలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. వారానికొకసారి పుంగనూరులోని ఉమ్మడి యింటికి వెళ్లేవాణ్ణి. బెంగళూరు పోయినప్పుడల్లా కాలిబాట అంగళ్లలో ఆ బొమ్మలను ఏరుకొని వచ్చేవాణ్ణి. ప్రబంధాలు పాఠం చెప్పే మనిషికి ఈ ప్లాస్టిక్ పిచ్చి ఏమిటని తోటివారు నవ్వేవారు గాని, ఎగదన్నిన ఆ రొమ్ములలో, బిగిసిన ఆ పిడికిళ్లలో నాకు ప్రబంధ నాయకుల దర్పమే కనిపించేది. ఈ పిచ్చిలో నాకు తోడు మా చెల్లెలు. వేడినీళ్లలో ముంచి కీళ్లు మెత్తబడగానే ఒకని చేయి ఊడదీసి మరొకనికి తగిలించడం, మగ్గాల దగ్గర పారవేసే పట్టు పీలికలతో ఉత్తరీయాలు కుట్టడం, గోళ్లరంగుతో కిరీటాలు దిద్దడం, అంతా ఆమె చేతి నేర్పే.

పసితనంలో పోలియో సోకి, ఎడమకాలికి క్యాలిపర్ తగిలించుకొని నడిచేది చెల్లెలు. బహుధాన్య నామ సంవత్సర దసరాకు నెల ముందు కుప్పంలో ఒక బడివారు ఆమెను ఉపాధ్యాయినిగా రమ్మని పిలిచారు. "ఆ కాలితో బస్సులెక్కి యాడికి పోతావు" అని అన్నగారు ఆ మాటను అక్కడే తుంచేశారు. ఇంటి పెద్ద మాటకు ఎదురు చెప్పే అలవాటు మాలో ఎవరికీ లేదు.

ఏటేటా బొమ్మల కొలువులో ఒక కొత్తబొమ్మ పెట్టాలన్నది మా అమ్మ నేర్పిపోయిన ఆచారం. ఆ దసరాకు చెల్లెలు తన చేత్తో చేసినదే పెట్టింది. ఎగిరే వీరుడొకని ఎడమకాలు కురుచ చేసి, దానికి రాగితీగ చుట్టి క్యాలిపర్ అమర్చింది. సూర్యుని సారథి అనూరునికి తొడలే లేవు కదా, ఆ పేరు పెడదామన్నాను.

"యాలన్నా, ఆయప్ప కూర్చోని రథం తోల్తాడు. ఈడు నడస్తాడు. సూడు, పడకుండా ఎట్లా నిలబడుండాడో."

పేరంటానికి పలమనేరు నుంచి వచ్చిన వదినగారి పిన్నమ్మ మెట్ల వంక చూసి, "ఇన్ని సక్కని బొమ్మలుండాయి, ఆ కుంటిదాన్ని యాల పెట్టినారమ్మా? అంగహీనం ఇంట్లో ఉండకూడదంటారే" అన్నది. గుగ్గిళ్ల పళ్లెం పట్టుకొని చెల్లెలు ఆమె పక్కనే నిలబడి ఉంది.

"నిజమే, ఇంటికి అరిష్టం. తీసేయండి" అన్నారు అన్నగారు.

"అట్లయితే నేను గూడా పోవల్లా పెద్దన్నా?"

"నీ మాట వేరేమ్మా. ఇది దేవుని కొలువు."

ఆ నియమం ప్రాణప్రతిష్ఠ జరిగిన విగ్రహానికే గాని ఆటబొమ్మకు కాదని, ఇది విరిగినది కాదు, అలాగే చేసినదని నేను వాదించాను. "నీ పురాణాలు బడిలో సెప్పుకోప్పా" అన్నారు. చేతులూ కాళ్లూ ఊడదీసి అతికించినవి కాబట్టి అన్నీ భిన్నమైనవేనని తేల్చి, మరునాటి ఉదయం మా బొమ్మలన్నింటినీ తువ్వాలులో మూటగట్టి, చేను బావిలో స్వయంగా కుమ్మరించి వచ్చారు. చెల్లెలు ఏడవలేదు. విజయదశమినాడు పెట్టె సర్దుకొని, తానే బస్సెక్కి కుప్పం వెళ్లిపోయింది.

నిన్న తిరుగు దారిలో, బావిలో పోసిన బొమ్మలు జ్ఞాపకం ఉన్నాయా అని అడిగాను. కారు కిటికీలో నుంచి చూస్తూ, "ఏం బొమ్మలప్పా?" అన్నారు. దబాయింపు కాదు, నిజంగానే మరచిపోయారు. తప్పని ఒప్పుకుంటే నా కోపానికి ఒక దారి దొరికేది. ఒకనాడు అరిష్టమన్న నోరే నేడు ఆదర్శమంటున్నది. లోకం మెత్తబడిందని సంతోషించవలసినవాణ్ణే. ఆ విద్యార్థినికి చప్పట్లు దక్కినందుకు అసూయ లేదు. కాని ఆ చప్పట్లు మా చెల్లెలికి చెందవలసిన కాలంలో రాలేదు. మారిన మనుషులు తాము మారామని కూడా ఎరుగక హాయిగా ఉండడం నాకు సహింపరాకున్నది.

బావిలో పోసిన ఆ బొమ్మల సంగతి తరువాత జరిగినది ఇంతే. కరవుకు బావి ఎండి పూడిక తీసినప్పుడు, బురదలో ఆ ఒక్క బొమ్మ నాకు దొరికింది. రాగి పచ్చబడింది గాని తీగ వదులు కాలేదు. కుమ్మరించిన అయిదేళ్లకు, స్వభాను నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు చెల్లెలు దానిని కుప్పంలో తన కొలువు పైమెట్టున నిలిపింది. కొలువు ముగిసినప్పుడు తక్కిన బొమ్మలను పెట్టెలో పడుకోబెడుతుంది. దానిని మాత్రం నేటి వరకు పడుకోబెట్టలేదు.