గడియ బిగించిన అక్క

సత్యవేడులో ఆడపిల్లల హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, నెలసరి రోజుల్లో నేను నీళ్ళు తాగేదాన్ని కాదు. నేనొక్కదాన్నే కాదు, మా గదిలో ఎనిమిది మందిమీ అంతే. వెనకవైపున్న నాలుగు బాత్రూముల్లో ఒక్కదానికీ గడియ లేదు. మామూలప్పుడు ఒక చేత్తో తలుపు పట్టుకుని ఎలాగో కానిచ్చేవాళ్ళం. ప్యాడ్ మార్చుకోవాలంటే రెండు చేతులూ కావాలి కదా. నీళ్ళు మానేస్తే వెళ్ళే పనే తగ్గుతుందనుకున్నాం. దానికి తోడు వేరుశనగలు, బెల్లం వేడి చేస్తాయని ఇళ్ళల్లో చెప్పి పంపిన మాటలు. ఆ నాలుగు రోజులూ రెండు ముద్దల చారన్నంతో సరి.

ఒక రోజు ఉదయం ప్రార్థనలో నిలబడి ఉండగా నాకు కళ్ళు తిరిగాయి. తెలివొచ్చేసరికి వంటింటి గుమ్మం పక్కన చాప మీద ఉన్నాను. మాకు వండిపెట్టే అక్క నా పక్కన కూర్చుని విసురుతోంది. నలభై ఏళ్ళుంటాయేమో ఆమెకు. మాటలు తక్కువ. ఏ పిల్ల ఎంత తిన్నదో మాత్రం మర్చిపోయేది కాదు.

"నీళ్ళు తాగి ఎంతసేపయింది పాపా?" అని అడిగింది.

నిన్న మధ్యాహ్నం అన్నాను. ఎందుకని అడిగింది. సిగ్గుపడుతూనే తలుపు సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి ఉప్పేసిన పల్చటి మజ్జిగ తెచ్చి కొంచెం కొంచెంగా తాగించింది. తర్వాత సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, వేరుశనగలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. వేడి చేస్తుందని ఊరిబిండి పక్కకు తోశాను.

"ఆ నాలుగు దినాలూ నేను దీన్నే తిని మీకందరికీ వండతా ఉండాను. నాకేమయిందో నువ్వే సూడు," అంది.

తిన్నాను.

మా వార్డెన్ చెడ్డమనిషి కాదు. పైకి రాశానని, మనుషులొచ్చి బాగుచేస్తారని ఎప్పుడడిగినా చెప్పేది. అక్క రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. ఆ ఆదివారం బజారుకు పోయి నాలుగు గడియలు కొని, ఇంటి నుంచి స్క్రూడ్రైవరు తెచ్చుకుంది. పాత తలుపులు, చెక్క మెత్తబడి స్క్రూలు నిలవలేదు. ఒక్కో రంధ్రంలో అగ్గిపుల్లలు దోపి మళ్ళీ బిగించింది. గరిటె తప్ప ఆమె చేతిలో ఇంకేదీ చూడని మేము చుట్టూ నిలబడి నోళ్ళు తెరుచుకుని చూశాం. నాలుగోది నాచేత బిగించింది.

మర్నాటి నుంచి మేము బడికి వెళ్ళే ముందు వరండాలో ఒక గుండిగ నిండా మజ్జిగ పెట్టేది. నెలసరి వచ్చినవాళ్ళకని కాదు, అందరికీ. రెండో గ్లాసు ముంచుకుంటే ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఏ పిల్లా తన సంగతి నోటితో చెప్పుకోనక్కర్లేకుండా ఆమె అలా చేసిందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

పదో తరగతి పరీక్షల మొదటిరోజే నాకు నెలసరి వచ్చింది. అక్క పెట్టిన సంగటి తిని, సీసా నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. కడుపునొప్పి ఉండనే ఉంది. అయినా చివరిదాకా కూర్చుని రాశాను. తిరిగి వచ్చేసరికి అక్క వంటింట్లో ఆకుకూర వలుస్తోంది. బాగా రాశానని చెప్పాను. ఆమె నవ్వి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.