విగాన్‌లో గంటగోపురం కింద

నిన్న మధ్యాహ్నం మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి ముందు నుంచి ఇసుక లారీ పోతుంటే వంటింట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. చదువుతున్న పత్రికను అక్కడే పడేసి, నా భార్య చేయి పట్టుకొని వాకిట్లోకి లాక్కుపోయాను. లారీ మలుపు తిరిగిపోయాక గాని ఆ చేయి వదలలేదు. ఈ భయం నాకు నిరుడు ఫిలిప్పీన్స్‌లో పట్టుకున్నది.

మా మనుమరాలు అక్కడ వైద్యం చదువుతున్నది. ఇక్కడ సీటు దొరకని పిల్లలు సముద్రాలు దాటవలసిన ఈ పద్ధతి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా ఆమెను చూడటానికి పోయాము. సెలవు రోజున మమ్మల్ని విగాన్ అనే పాత పట్నానికి తీసుకుపోయింది. స్పెయిన్ వాళ్లు ఏలిన నాటి వీధులు, రాళ్లు పరిచిన బాట మీద గుర్రపు బండ్లు, గాజుకు బదులు ఆల్చిప్పల రేకులు బిగించిన కిటికీలు. అంత పాత ఇండ్లను వాళ్లు అంత శ్రద్ధగా నిలుపుకోవడం చూసి, మా కొల్లాపూర్ వైపు దిక్కు లేక కూలిపోయిన మేడలను తలచుకొని మనవాళ్లను తిట్టుకుంటూ నడిచాను.

పెద్ద చర్చికి కొంచెం ఎడంగా ఇటుకల గంటగోపురం ఉన్నది. నా భార్య దాని గోడవారన చెప్పులు విడిచింది.

“అవ్వా, ఈడ ఎవ్వరు ఇడ్వరు. ఏసుకొనే రా” అన్నది మనుమరాలు.

“వాళ్ల దేవుడు ఊకుంటడేమో గని నా కాళ్లు ఊకోవు బిడ్డా.”

చర్చి లోపల బల్లల నడుమ నిలబడి ఉండగా నాకు కళ్లు తిరిగినట్టయింది. రక్తపోటు మాత్ర మరచిపోయాననుకున్నాను. తల ఎత్తితే దీపాల గుత్తులు ఊగుతున్నాయి. “భూకంపం తాతా, ఉర్కుండ్రి” అని మనుమరాలు మమ్మల్ని బయటి మైదానంలోకి తోసింది. అందరూ గోపురానికి దూరంగా పరుగెత్తుతుంటే, నా భార్య ఒక్కతే చేయి విడిపించుకొని, చెప్పుల కోసం తిన్నగా దాని కిందికే పోయింది. ఆమె వెంట మనుమరాలు ఉరికింది. పైనుంచి ఇటుక పెళ్లలు రాలుతున్నాయి. నాకున్న ఇద్దరూ ఆ గోడ కిందనే ఉన్నారు. నా కాళ్లు మాత్రం కదలలేదు.

నేల నిలిచాక ఇద్దరూ తిరిగి వచ్చారు. మనుమరాలి జుట్టు నిండా ఎర్రటి దుమ్ము. నా భార్య చెప్పులు చంకన పెట్టుకొని, “గట్ల చూస్తరేంది? ఉత్త కాళ్లతోని ఊరికి పోవాల్నా?” అన్నది. అంతమంది నడుమ ఆమెను ఏమేమి తిట్టానో నాకే గుర్తు లేదు. ఆమె మాత్రం చెప్పులు తొడుక్కొని, మనుమరాలి జుట్టులోని దుమ్ము దులిపింది.

మా బాపు బావి కోసం మందుపెట్టి బండ పేల్చినప్పుడు కూడా, మన పాలమూరు నేల ఎన్నటికీ కదలదన్న ధీమాతోనే మేము ఇంట్లో నిద్రపోయిన పిల్లలం. మా ఈడు వాళ్లందరికీ భూమి అంటే అదే. ఇప్పుడు ప్రతి సాయంత్రం మనుమరాలు ఫోను చేసి పరీక్షల సంగతి, తిండి సంగతి చెబుతుంటుంది. అవి నా చెవికి ఎక్కవు. మాట నడుమ ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే, మళ్లీ గొంతు వినిపించేదాకా నేను లేచి నిలబడే ఉంటాను.