గోధుమరంగు తీగ

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ముందుగదిలోది నాది, వెనకగదిలోది మా ఆవిడది. నేను పర్చూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆమె ఇంట్లోనే కూర్చుని బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసిపెడుతుంది. నేను రాసిన లెక్క ఆమె దగ్గరికి చేరాలంటే పెన్‌డ్రైవు పట్టుకుని వసారా దాటి వెళ్ళాలి. రోజుకు ఇరవైసార్లు. మధ్యలో రెండడుగుల మందాన పాత మట్టిగోడ ఉంది, వైఫై దాన్ని దాటదు. ఒక ఆదివారం పొద్దున్నే, రెండింటికీ కలిపి కేబుల్ వేసేస్తే ఈ తిరుగుడు పోతుంది కదా అన్నాను. పని తెలిసిన మనిషిని ఎవరినైనా పిలవమంది ఆమె. లెక్కల మాస్టారికి ఎనిమిది తీగలు వరసలో పెట్టడం రాదా అని నాకు రోషం పొడుచుకొచ్చింది.

చీరాల వెళ్ళి కేబులూ, దాని కొసలకు తొడిగే ప్లాస్టిక్ కనెక్టర్లు పదీ, వాటిని నొక్కి బిగించే పనిముట్టూ, ఒక టెస్టరూ కొనుక్కొచ్చాను. కేబుల్ తోలు వలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమరంగు. ఒక్కో రంగులో ఒకటి నిండుది, ఒకటి తెల్లచారలది. రెండు కొసల్లోనూ రంగులు ఒకే వరసలో ఉండాలి, అంతే పని. టెస్టరులో సగం నా దగ్గర, మిగతా సగం వెనకగదిలో ఆమె దగ్గర. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలగాలి. ఆమె లోపలినుంచి కేకేసి చెబుతోంది. నాలుగు, అయిదు, ఎనిమిది, ఏడు, ఆరు.

కత్తిరించి మళ్ళీ బిగించాను. ఈసారి మూడూ ఏడూ తారుమారు. మళ్ళీ కత్తిరించాను. ఆరు కనెక్టర్లు పోయాయి. కేబుల్ చేసినవాడికి రంగులు వెయ్యడం చేతకాలేదని తిట్టిపోస్తుంటే, ఆమె వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. ఒక తీగ పట్టుకుని ఇదేం రంగని అడిగింది. ఆకుపచ్చ అన్నాను. ఇంకోటి చూపించింది. గోధుమరంగు అన్నాను. ఆటపట్టిస్తున్నానేమోనని మొదట నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. పచ్చడికని ఉంచిన పండుమిరపకాయలు కొన్ని, పచ్చివి కొన్ని పళ్ళెంలో కలిపి తెచ్చి నా ముందు పెట్టింది. పండువి తీయమంది.

నా చెయ్యి దానంతటదే పళ్ళెం మీదికి పోయింది.

"ముట్టుకోకుండా చెప్పండి," అంది.

చెప్పలేకపోయాను. పళ్ళెం నిండా ఒకే తీరు కాయలున్నాయి. కొన్ని కాస్త ముదురు, కొన్ని కాస్త లేత. తర్వాత ఫోనులో ఏవో చుక్కల బొమ్మలు చూపించింది. వాటిలో అంకెలున్నాయట. లెక్కల మాస్టారిని, నాకు చుక్కలు తప్ప ఒక్క అంకె కనపడలేదు.

నాకు కొన్ని రంగుల తేడా తెలియదన్నమాట. యాభై రెండేళ్ళు వచ్చాయి. నా బట్టలు ఆమే కొంటుంది, బడిలో బోర్డు మీద తెల్లసుద్దతో రాస్తాను, సిగ్నల్ దగ్గర ముందు బండి ఆగితే ఆగుతాను. ఇన్నాళ్ళూ ఎక్కడా దొరక్కుండా వచ్చేశాను. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. చిన్నప్పటి మిరపచేను గుర్తొచ్చింది.

నాకు చేనంటే పిచ్చి. బడి ఎగ్గొట్టి మరీ పోయేవాణ్ణి. పదమూడో ఏట మొదటిసారి కూలీలతో పాటు నాకూ ఒక సాలు అప్పగించారు. సాయంత్రానికి నా బుట్టలో సగం పచ్చికాయలే. మా నాన్న అందరి ముందూ కొట్టాడు. మర్నాడు పండూ పచ్చీ కలిసిన కుప్ప ముందు కూర్చోబెట్టి ఏరమన్నాడు. తను ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా, నేను ఏరుతున్నంతసేపూ చూశాడు. అదీ శిక్షేననుకున్నాను. ఏరడం అయ్యాక, నీకు చేను మీద మనసు లేదు, నువ్వు సేద్యానికి పనికిరావు, పోయి చదువుకో అన్నాడు. పొలం అన్నయ్య చేతికిచ్చాడు. అప్పటినుంచి మా ఇంటిల్లిపాదికీ నేను బద్ధకస్తుణ్ణి. నిజమేనని నేను కూడా నమ్మాను. ఉద్యోగంలో ఇన్నేళ్ళూ గంట ముందే బడికి వెళ్ళేది, ఆ మాట ఇంకెవరి నోటా పడకూడదనే.

అన్నం తినకుండా బండి తీశాను. మా సొంతూరి కల్లంలో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా అని అందరూ అంటారు కాబట్టి నేనూ అంటున్నాను. ఘాటు తగిలేసరికి ముక్కు అదిరి నాలుగు తుమ్ములు వచ్చాయి. మా నాన్న ఎనభై దాటినా రోజూ అక్కడే కూర్చుని గింజ పట్టని తాలుకాయలు ఏరుతుంటాడు. టార్పాలిన్ నీడలో ఆయన ఎదురుగా కూర్చుని తీగల సంగతీ పళ్ళెం సంగతీ అంతా చెప్పాను. ఆ రోజు అనవసరంగా కొట్టానురా అని ఆయన బాధపడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట వినాలనే అంత దూరం వెళ్ళాను.

ఆయన చేతులు ఆగలేదు. "ఇప్పుడా తెలిసింది నీకు?" అన్నాడు.

తెలుసా నీకు అన్నాను. ఏరుతూనే చెప్పుకొచ్చాడు. దర్శి దగ్గర మా మేనమామకీ ఇంతేనట. పొగాకు వేసి, పండాకేదో పచ్చాకేదో తెలియక రెండేళ్ళు వరసగా పచ్చాకు కొట్టించి, చివరికి సేద్యం మానుకున్నాడట. నా బుట్ట చూసి కొట్టిన రాత్రి మా నాన్నకు అది తట్టిందట. మర్నాటి కుప్ప అందుకేనట.

"నువ్వు కళ్ళతో ఏరలేదురా. ప్రతి కాయా వేళ్ళతో నొక్కి చూసి ఏరావు."

నాకు కోపం కట్టలు తెంచుకుంది. అయితే చెప్పొచ్చుగా, బద్ధకమని ఎందుకన్నావు, ఇన్నేళ్ళు ఎట్లా మోశాననుకున్నావు అని అరిచాను. కల్లంలో ఆడకూలీలు తలలెత్తి చూశారు.

"బద్ధకస్తుడంటే తిడతారు. కంటి జబ్బంటే నీకు పిల్లనెవరిస్తారు? ఒక్కడికి చెప్పినా ఊరంతా చెప్పినట్టే. మీ అమ్మక్కూడా చెప్పలా నేను," అన్నాడు.

నాకు క్షమించాలనిపించలేదు. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి పిలిచాడు. ఆ తీగల సంగతి ముందు ఎవరు కనిపెట్టారని అడిగాడు. మీ కోడలే అన్నాను. అప్పుడాగాయి ఆయన చేతులు. మా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. మా అమ్మాయికి ఉద్యోగం కూడా వచ్చింది. అయినా ఆ మొహంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

"ఏమందిరా?" అన్నాడు.

"ఏమంటుంది? తీగలు తను కలుపుతానంది," అన్నాను.

ఆయన తల వంచుకుని మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు. మంచికాయలు కూడా తాలులో వేస్తున్నాడని లోపలి గింజల చప్పుడును బట్టే నాకు తెలుస్తోంది. మళ్ళీ ఎదురుగా కూర్చుని, ఆయన వేసినవి ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కి చూసి, మంచివి వెనక్కి తీశాను.