ఎనిమిది ముందుమాటల నవల

నవల రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. దానికి ముందుమాటలు కూడగట్టడానికి మరో ఏడాది పట్టింది. మా తిరువూరులో ఒక్కరిని అడిగి ఊరుకుంటే కుదరదు. మా హెడ్మాస్టరుగారిని అడిగి, ఆయనకు పడని పాత హెడ్మాస్టరుగారిని వదిలేస్తే రేపు బజార్లో ఏ ముఖం పెట్టుకుని తిరగను? డాక్టరుగారిని అడిగాక ప్లీడరుగారిని అడగకపోతే ఎలా? మా చర్చి పాస్టరుగారు, మామిడితోటల పెద్దాయన, నెమలి అనే ఊళ్లో ఉండే మా వియ్యంకుడు, అలా లెక్క ఎనిమిదికి చేరింది. అందరికీ జెరాక్సు కాపీలిచ్చాను. ఎనిమిదింటిలో ఆరింట్లో ‘మట్టి వాసన’ అన్న మాట ఉంది. మా నల్లరేగడి మహిమ అనుకుని పొంగిపోయాను.

డబ్బిస్తే ప్రెస్సువాళ్లు పెళ్లికార్డు వేసినట్టే పుస్తకమూ వేసిపెడతారు. నాకది వద్దు. నన్నెరగని మనిషి ఒకరు చదివి, ఇది పుస్తకమేనని ఒప్పుకుని, తన సంస్థ పేరు మీద వేయాలి. యాభై ఏడేళ్ల బడిపంతులికి మిగిలిన కోరిక అదొక్కటే.

విజయవాడ బస్సెక్కి ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాను. ఆఫీసుల్లో పెద్దవాళ్ల ఉత్తరం చూపించి పని చేయించుకునే అలవాటు కొద్దీ ముందుమాటలన్నీ పైనే పెట్టాను. ఆయన వాటిని తీసి ఒక పక్కన పెట్టి, నవల ఉంచి వెళ్లమని, నెల తర్వాత రమ్మని చెప్పారు. నాకు చుర్రుమంది. అవి ఊళ్లో పెద్దవాళ్లు రాసినవని గుర్తుచేశాను. అవీ చదువుతానన్నారు.

నెల తర్వాత వెళ్తే టీ తెప్పించి, నెమ్మదిగా అడిగారు.

“మాస్టారూ, ఈ ఎనిమిది మందిలో ఒక్కరైనా మీ నవల చదివారా?”

నాకు కోపం ముంచుకొచ్చింది. చదవకుండా ఎలా రాస్తారని గట్టిగానే అడిగాను. ఆయన రెండు చోట్ల పేజీలు తెరిచి నా ముందు పెట్టారు. నాలుగో అధ్యాయంలో పాము కరిచి చనిపోయిన నాయనమ్మ, తొమ్మిదో అధ్యాయంలో పత్తి తీసే కూలీలకు మజ్జిగ పోస్తోంది. మజ్జిగ పోస్తూ ఉప్పు సరిపోయిందా అని కూడా అడుగుతోంది. 

“ఎవరైనా ఒక్కరితో చదివించి తీసుకురండి. మిమ్మల్ని పొగడక్కర్లేని మనిషితో,” అన్నారు ఆయన. వేస్తాననీ అనలేదు, వేయననీ అనలేదు.

తిరుగు బస్సులో మైలవరం దాకా ఆ ఎనిమిది మందినీ పేరుపేరునా తిట్టుకున్నాను. మైలవరం దాటాక తిట్లు నా వైపు తిరిగాయి. నేను వాళ్లను అడిగింది పొగడ్త, వాళ్లిచ్చింది పొగడ్త. పాపం వాళ్ల తప్పేముంది?

ఇంటికొచ్చి మా ఆవిడకు జరిగింది చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. నాయనమ్మ సంగతి తనకు తెలుసనీ, ఇంట్లో మిగిలిపోయిన కాపీ ఎప్పుడో చదివేశాననీ చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదని ఎగిరాను.

“ముందుమాట రాయమని ఊరందర్నీ అడిగారు. ఎలా ఉందని నన్నడిగారా?”

అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. మామూలుగా అడిగింది, అందుకే సిగ్గేసింది.

ఆ తర్వాత ఆదివారాలు చర్చి నుంచి రాగానే నేను చదవడం, ఆమె వినడం. విసుగొచ్చిన చోట చెయ్యి అడ్డం పెట్టేది. పత్తి పువ్వు మీద నేను రాసుకున్న మూడు పేజీల వర్ణన అలాగే పోయింది. రెండు పూటలు మాటల్లేకుండా గడిపాం. నాయనమ్మను బతికించేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. ఆవిడ పోతేనే కోడలికి నోరొస్తుందంది. నిజమే. తొమ్మిదో అధ్యాయంలో మజ్జిగ కోడలే పోసింది. ముందుమాటలు ఎనిమిదీ తీసేశాను. ఆ పెద్దమనుషులు ఎదురుపడకుండా ఇప్పటికీ సందుల్లోంచి తిరుగుతున్నాను.

ప్రచురణకర్తకు నవలతో పాటు రెండు వాక్యాల ఉత్తరం పంపాను. ఒక్కరు చదివారు. మా ఇంటావిడే.

మూడు వారాల తర్వాత, అన్నం తింటుండగా ఆయన ఫోన్ చేశారు. నాతో నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేదు, చదివినావిడకి ఇవ్వమన్నారు. మా ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, ఎవరో పైఅధికారితో మాట్లాడుతున్నట్టు నిలబడే మాట్లాడింది. మొదట్లో విసుగొచ్చిందని చెప్పేసింది.  ఆయన ఇంకేదో అడిగినట్టున్నారు. ఆమె గొంతు తగ్గించింది.

“కోడలు చేలో ఒక్కతే కూర్చునే చోట ఏడ్చానండి. ఆయన లేనప్పుడు మళ్లీ తీసి చదువుకున్నాను.”

పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో నేను రాసింది చదివి ఏడ్చానని నాతో ఏనాడూ అనలేదు. ఇంకాసేపు ఊ కొట్టి, పుస్తకం వేస్తారంటూ ఫోను నా చేతిలో పెట్టింది. అటువైపు ఆయన ‘మాస్టారూ, మాస్టారూ’ అని పిలుస్తున్నారు. నేను ఎంగిలి చేత్తో ఫోను పట్టుకుని, “నిజంగానే ఏడ్చావా?” అని ఆవిణ్ణే అడుగుతున్నాను.