మొదటి వరసలో శ్రీ తీసేశాక

వాసవీ అమ్మవారి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, కింద రాసిన ప్రతి అక్షరం నిజం. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఏనాడూ లేదు. యాభై ఒక్క ఏళ్ళు వచ్చాయి. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీవాళ్ళు చెప్పుకునే తెల్లచీర కథలన్నీ విన్నాను. వాటిలో రెండు మూడు నేనే పుట్టించాను. పుట్టించినవాడికి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

నా బాధల్లా ఒకటే. జగ్గయ్యపేటలో నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఎప్పుడో ముక్త్యాల దగ్గర కృష్ణలో సిమెంటు లారీ అంత మొసలిని చూశానని చెప్పాను. ఒక మొసలిని కాస్త పొడుగు చేసినందుకు జన్మంతా శిక్ష వేస్తారా? ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. హైదరాబాదులో చిప్పులు తయారుచేయించే చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. చిప్పును ముందు కంప్యూటరులోనే నడిపి చూస్తారు. కరెంటు పోతే ఏం చేస్తుంది, వస్తే ఏం చేస్తుంది అని రకరకాల పరీక్షలు పెడతారు. ఒకసారి తయారీకి పంపాక వెనక్కి తీసుకోలేం. స్లాబు పోసి గట్టిపడ్డాక లోపల చువ్వ మర్చిపోయామన్నట్టు ఉంటుంది.

ఆ పరీక్షలన్నీ వరసగా నడిపి, ఒక్కొక్కటీ రాసిన లాగ్ ఫైలు చదివి, ఏది పాసో ఏది ఫెయిలో పట్టికలో పెట్టే పైథాన్ ప్రోగ్రాం, మావాళ్ళ మాటల్లో స్క్రిప్ట్, నాది. పదేళ్ళుగా నాదే. దాన్ని మార్చడానికి ఎవరికీ ధైర్యం లేదు, నాకూ లేదు.

మా నాన్న నందిగామలో ధాన్యం వ్యాపారం చేసి ఆరేళ్ళ కింద పోయాడు. ఏ కాగితం మీదైనా పైన శ్రీ రాయకుండా కింద అక్షరం పెట్టనిచ్చేవాడు కాదు. చాకలి పద్దుకైనా శ్రీ ఉండాలి. ఆ అలవాటు నాకూ పట్టింది. పరీక్షల పేర్లుండే జాబితా ఫైలులో కూడా మొదటి వరసలో శ్రీ పెట్టాను. అది పరీక్ష కాదు కాబట్టి మొదటి వరస వదిలి రెండో వరస నుంచి చదవమని ప్రోగ్రాంలో రాశాను. చదరపు బ్రాకెట్లో ఒకటి, పక్కన రెండు చుక్కలు. అంతే.

కిందటేడు కొత్త మేనేజరు వచ్చాడు. జాబితా తెరిచి, "సార్, ఇదేంటి, పెళ్ళి శుభలేఖా?" అని మీటింగులో అందరి ముందూ నవ్వాడు. ఒళ్ళు మండి అప్పటికప్పుడు శ్రీ చెరిపేశాను. కోపంలో ఏ పనైనా సగమే చేస్తాం. జాబితాలో శ్రీ పోయింది. ప్రోగ్రాంలో మొదటి వరస వదిలెయ్యమన్న మాట అలాగే ఉండిపోయింది.

శిరీష అనే అమ్మాయి నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి మా మేడమీదే కూర్చుని పనిచేసేది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఇంట్లో ఉంటే మీటింగు మధ్యలో వాళ్ళత్తగారు బీరకాయలు తెచ్చి ముందు పెడుతుందట. "చెవుల్లో అవి పెట్టుకున్నంత మాత్రాన చేతులు ఖాళీగా ఉండాలా అంటుందండీ బాబాయ్ గారూ" అని నవ్వేది. చిప్పుకి పరీక్షలు రాయడం ఆ అమ్మాయి పని. మొత్తం అరవై నాలుగు రాసింది.

ఆ చిప్పు పొలం మోటార్లకు. కరెంటు వచ్చాక మోటారు కాలిపోకుండా నిదానంగా మొదలుపెడుతుంది. తయారీకి పంపేముందు, ఆ చిప్పులాగే పనిచేసే నమూనా బోర్డు ఒకటి వత్సవాయి దగ్గర ఒక రైతు బోరుకి బిగించారు. కరెంటు వచ్చిన ప్రతిసారీ మొదటి దఫా మోటారు కదలలేదు. రెండోసారి నొక్కితే కదిలింది.

సోమవారం మేనేజరు వీడియోలో కూర్చున్నాడు.

"పవర్ వచ్చాక ఫస్ట్ స్టార్ట్, ఆ టెస్ట్ రాశావా?"

"మొట్టమొదట రాసింది అదే సార్."

"పట్టికలో పాస్ ఉంది. పొలంలో ఫెయిల్. అంటే పేరుకి ఖాళీ టెస్ట్ రాసి పెట్టావన్నమాట."

"లేదు సార్, సరిగ్గానే రాసా."

"సార్ స్క్రిప్ట్ పదేళ్ళ నుంచి తప్పు చెప్పలేదమ్మా. శనివారం లోపు ఎక్కడుందో చూపించు. లేకపోతే నీతో ఇక కుదరదు."

పొగిడింది నన్నే కాబట్టి నేనేమీ అనలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. శిరీష కింద మా ఆవిడతో అన్నం తింటోంది. కింద మా బావమరిది రమణ రంగుల కొట్టు కూడా ఆ వేళకి షట్టరు దించి ఉంటుంది. రేడియో లేదు, టీవీ లేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ ఇవే అడిగారు.

బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం మొదలుపెట్టాను. లాగ్ ఫైళ్ళు పెద్దవి. ఒక్కోటి చదవడానికి ఐదారు సెకన్లు పడుతుంది. చదువుతున్న వరస నంబరు తెర మీద పడుతుంది.

తెర మీద ఇంకా ఏమీ పడకముందే, నా వెనక, కిటికీ వైపు నుంచి, "లాభం" అని వినపడింది.

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. మా నాన్న జీవితమంతా అలాగే కొలిచాడు. గొంతులో ఆ జీర ఇంకెవరికీ లేదు.

తెర మీద 1 పడింది. వెనక నుంచి "రెండు" అంది గొంతు. 2 పడింది. "మూడు."

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. బతికుండగా నా ఉద్యోగం ఏమిటో ఒక్కనాడు అడగని మనిషి, నలుగురిలో "మావాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు" అని చెప్పుకున్న మనిషి, పోయాక నా పని మీదకి వచ్చి కూర్చున్నాడా? పైగా తప్పు లెక్క. ప్రతి దానికీ ఒకటి ఎక్కువ చెబుతున్నాడు. వెనక్కి తిరిగాను. కిటికీ, దాని కింద నవారు మంచం, మంచం మీద ఆరేసిన తువ్వాలు. ఎవరూ లేరు. గొంతు ఆగలేదు.

తెర మీద నంబరు 63 దగ్గర ఆగింది. గొంతు "అరవై నాలుగు" అని ఆగింది. కింద పట్టిక పడింది: అరవై నాలుగులో అరవై నాలుగు పాస్.

పదేళ్ళలో నేను చివరి పట్టిక తప్ప మధ్యలో దొర్లే నంబర్లు చూడలేదు. ఆ రోజు చూశాను.

అప్పుడే శిరీష మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చింది. "బాబాయ్ గారూ, చుట్టాలొచ్చారా? ఎవరో పెద్దాయన లెక్కపెడుతున్నారు" అంది. గదంతా చూసింది. "ఎవరూ లేరమ్మా" అన్నాను. తన కుర్చీలో కూర్చుంది.

ప్రోగ్రాం తెరిచాను. చదరపు బ్రాకెట్లో ఒకటి, పక్కన రెండు చుక్కలు. శ్రీ పోయాక ఈ చిప్పు జాబితాలో మొదటి వరసలోకి వచ్చింది శిరీష మొట్టమొదట రాసిన పరీక్ష. దాన్ని నా ప్రోగ్రాం ఒక్కసారి కూడా చదవలేదు. మొత్తం లాగ్ ఫైళ్ళెన్నో లెక్కపెట్టి, ఫెయిల్ అని కనపడనివన్నీ పాసుల్లో కలిపేయమని రాసుకున్నాను కాబట్టి అదీ పాసైంది. లాగ్ ఫైలు చేత్తో తెరిచి చూస్తే మొదటి రోజు నుంచీ ఫెయిలే. కరెంటు వచ్చాక మొదటి దఫా మోటారు కదలదని ఆ అమ్మాయి రాసిన పరీక్ష నెలల తరబడి చెబుతూనే ఉంది. వినని చెవి నాది.

ఆ గంటలోనే మేనేజరుకి ఫోను చేసి తప్పు నాదని చెప్పాను.  "సార్, మీ స్క్రిప్టా?" అన్నాడు, గుళ్ళో చెప్పులు పోయినవాడిలా. డిజైను సరిచేశారు. వత్సవాయిలో మోటారు మొదటి దఫానే కదిలింది. శిరీష ఉద్యోగం నిలిచింది.

రమణకి గొంతు సంగతి చెబితే, "మరి మొసలి లెక్కపెట్టలేదా బావా?" అన్నాడు. నీ బుర్రే తప్పు పసిగట్టి మీ నాన్న గొంతులో చెప్పింది పొమ్మన్నాడు మా డాక్టరు. బాగానే ఉంది. మరి నా బుర్రలో గొంతు మెట్ల మీదున్న శిరీషకి ఎలా వినపడింది?   

ఇంతా చదివి, వీడు ఏదో ఒకటి కల్పించే ఉంటాడు, అది గొంతే అయి ఉంటుంది అనుకుంటున్నారు కదూ? కాదు. గొంతు నిజం. నేను కల్పించింది ఒక్క వాక్యం: ఆ గంటలోనే ఫోను చేశానన్నది.

తప్పు దొరికింది బుధవారం. ఫోను చేసింది శనివారం. పదేళ్ళ పేరు ఒక్క ఫోనుతో పోతుందని మూడు రోజులు నోరు మెదపలేదు. మేనేజరు మీద ఇంత కోపం ఒలకబోశాను గానీ, ఆ మూడు రోజులూ అతని మాటని నిలబెట్టింది నేనే. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని, తన పరీక్షలో లేని తప్పు కోసం వరస వరసా వెతుక్కుంది. నేను మధ్య మధ్య మజ్జిగ కావాలా అని అడిగాను.

శనివారం పొద్దున బస్సు దిగి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే, "నాదే తప్పయి ఉంటుంది బాబాయ్ గారూ, ఒప్పేసుకుంటా" అంది.

అప్పుడు చేశాను ఫోను. తప్పు అప్పుడే దొరికిందని ఆమెకీ చెప్పాను. బుధవారమే దొరికిందని, ఇది చదివేదాకా ఆమెకి తెలియదు.