విన్నీ హాబ్లీ పదకొండు మీటర్ల కర్ర

స్కెల్‌థార్ప్‌లో చేపలు పట్టే మగాళ్ళకి ఒక జబ్బు ఉంది. ఏ కొత్త సామాను వచ్చినా ముందు నవ్వుతారు. తరవాత తిడతారు. రెండేళ్ళు పోయాక అదే భుజాన వేసుకుని, తాతల నాటి నుంచీ మా ఇంట్లో ఉన్నదే అన్నట్టు నడుస్తారు. విన్నీ హాబ్లీకి ఆ జబ్బు లేదు. కొత్త వస్తువు కనిపిస్తే ఆవిడకి చేతులు దురదపెడతాయి. ఒకసారి వాడి చూడందే అన్నం సహించదు.

విన్నీ పుట్టింది కాలువ లాకు పక్కింట్లో. తండ్రి లాకు తలుపులు తీసేవాడు. బొగ్గు పడవ వచ్చిందంటే ఆయన అటు తలుపులతో కుస్తీ పడుతుంటే, ఈ పిల్ల ఇటు ఒడ్డున కూర్చునేది. కంచెలోంచి విరిచిన బద్ద, వాళ్ళమ్మ కుట్టుదారం, వంచిన గుండుసూది, సీసా బిరడా ముక్క. ఆ బిరడాయే బెండు. బద్ద పొట్టిది కాబట్టి చేపని కాళ్ళ దగ్గరే పట్టాలి. దూరం విసిరే యోగం లేదు.

"పురుగులు ముట్టుకున్న చేత్తో రొట్టె ముట్టుకుంటే వేళ్ళు విరుస్తా" అని వాళ్ళమ్మ వంటింట్లోంచి అరిచేది.

"కడుక్కున్నానమ్మా!"

కడుక్కునేది కాదు. మొండిఘటం.

సేత్ హాబ్లీని పెళ్ళి చేసుకునేనాటికి అతనికున్న ఆస్తి రెండే. బొగ్గుగనిలో పని, వెదురు బద్దలు చీల్చి అతికించి చేసిన ఒక గాలం కర్ర. ఆ కర్రకి ప్రతి చలికాలమూ వార్నిష్ పూసేవాడు. అంత ప్రేమగా అతను పెళ్ళాం వీపు కూడా ఎప్పుడూ నిమరలేదు. పట్టుదారం తడిగా ఉంటే కుళ్ళిపోతుందని ఆదివారం సాయంత్రం ఇంట్లో కుర్చీల వీపులన్నిటికీ చుట్టి ఆరబెట్టేవాడు. ఇంటికొచ్చిన చుట్టం కూర్చోవాలంటే సాలెగూట్లో దూరినట్టు దూరాలి. కూర్చునే బుట్ట కూడా వెదురుదే. వాన పడితే అది కిర్రుమంటూ ముసలి గొడ్డులా మూలిగేది.

బెండ్లు మాత్రం విన్నీ చేసేది. కాకి ఈకలు, పెద్దబాతు ఈకలు. క్రిస్మస్‌కి ఎవరింట్లో బాతుని కోసినా గుమ్మం ముందు విన్నీ సంచీతో నిలబడేది. ఈక గీకి, కొన కత్తిరించి, నెత్తిన తన ఎర్ర గోళ్ళరంగు పూసేది. ఆ రంగు ఆవిడ గోళ్ళకి ఎన్నడూ ఎక్కలేదు. ఊళ్ళో సగం బెండ్లు ఆవిడ వంటబల్ల మీద పుట్టినవే.

యుద్ధం అయిపోయాక నైలాన్ దారం వచ్చింది. ముడి జారిపోతోంది, ఇది దారం కాదు దెయ్యం వెంట్రుక అని మగాళ్ళు పారేశారు. విన్నీ ఆ పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, ఉమ్మితో తడిపి ముడి బిగించి చూపించింది. కుర్చీలకి విముక్తి వచ్చింది. తరవాత బోలు గాజునార కర్రలు వచ్చాయి. తరవాత, కదలకుండా ఉండే గిలక మీంచి దారం తనంతట తనే జారిపోయే కొత్త చక్రం వచ్చింది. "కాఫీగింజలు విసిరే మరలాగ ఉంది" అన్నాడు సేత్. రెండేళ్ళకి అతనూ కొనుక్కున్నాడు. కానీ పాత వెదురు కర్ర మాత్రం మంచం పక్కనే ఉండేది, కాపలా కుక్కలాగ.

పోటీల్లోకి మాత్రం ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఆదివారం పోటీ అంటే ఒడ్డు పొడుగునా నంబర్లు వేసిన మేకులు పాతుతారు. సంచిలో చెయ్యి పెట్టి ఏ నంబరు తీస్తే అక్కడే కూర్చోవాలి. ఈల నుంచి ఈల దాకా పట్టిందంతా నీళ్ళలో వేలాడే వలసంచిలో బతికే ఉంటుంది. చివర్న తూచి, మళ్ళీ కాలువలోనే వదిలేస్తారు. కూర యావ ఎవరికీ లేదు. ఉన్నది తూకం యావ. ఆ తూకం జరిగే చోట, క్లబ్బు రేకుల షెడ్డులో, విన్నీ ఏళ్ళ తరబడి టీ కాచి పోసింది. కప్పులు అందిస్తూనే ఎవరి వలలో ఏముందో, ఎవడు ఎక్కడ తప్పు చేశాడో చెప్పేది. చివరికి రూలు మారింది. ఆడవాళ్ళని ఎందుకు రానివ్వకూడదో ఎవరికీ కారణం తట్టక మారింది.

ఎనభైల్లో వచ్చింది ఆ పొడుగు కర్ర. నల్లగా, ఈకలా తేలిగ్గా, ముక్కలు ముక్కలుగా ఒకదాంట్లో ఒకటి దూరి పదకొండు మీటర్లు సాగేది. దానికి చక్రం ఉండదు, విసరడం ఉండదు. బెండుని తీసుకెళ్ళి అవతలి ఒడ్డు ముళ్ళపొదల కింద దీపం పెట్టినట్టు పెట్టి రావడమే. చేప పడితే కర్రని వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, సన్నటి కొసముక్కలు విడదీసి చేప తీసుకోవాలి. కొసలో ఎలాస్టిక్ ఉంటుంది. చేప గుంజితే సాగుతుంది, అలిసిపోతే దగ్గరికి లాక్కొస్తుంది.

"జెండా కర్ర!" అన్నారు స్కెల్‌థార్ప్ మగాళ్ళు. విన్నీ బెండ్లు అమ్మిన డబ్బుతో ఒకరు వాడి వదిలేసిన కర్ర కొనుక్కుంది. అప్పటికి ఆవిడకి అరవై.

క్లబ్బు కార్యదర్శి హెరాల్డ్ ప్లిమ్మర్‌కి టై కట్టుకోనిదే మాట రాదు. ఆయన జాగ్రత్త చెప్పబోయాడు. "మిసెస్ హాబ్లీ, ఆ ఎలాస్టిక్ తత్వం అందరికీ ఒంటబట్టేది కాదండీ."

"ప్లిమ్మర్ గారూ, మీ ఆవిడ లోదుస్తులు జారకుండా నిలబెడుతున్నది ఏమిటనుకున్నారు, మీ పరపతా?"



ఇంటి వెనక సందులో సాధన మొదలుపెట్టింది. కర్రని వెనక్కి నెట్టి ఒకసారి పక్కింటి వంటింటి కిటికీలోకి దూర్చింది. ఒకసారి ఆరేసిన దుప్పటిని ఊరేగించింది. ఎండాకాలం పోయేసరికి, కొసన ఉన్న పురుగుని గోడ మీద గీసిన చుక్క మీద వాల్చగలిగేది. సేత్ గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"అది చేపలు పట్టడం కాదు పిల్లా. బట్టలు దులపడం." అరవై ఏళ్ళు వచ్చినా ఆమెని పిల్లా అనే పిలుస్తాడు.

"నీ వెదురు కర్రతో చిలక్కొయ్య చేసుకో ముసలోడా, కోటు తగిలించుకోవడానికి పనికొస్తుంది."

ఇంగ్‌బీ ఊరితో ఏటా జరిగే పోటీకి జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. విన్నీ అడిగింది. కమిటీ కూర్చుంది. చేతులు ఎత్తమన్నారు. వద్దని లేచిన చేతుల్లో ఒకటి సేత్ హాబ్లీది. అయినా ఒక్క చెయ్యి తేడాతో విన్నీ గెలిచింది. ఓడినవాళ్ళు ఊరుకోక ఒక షరతు పెట్టించారు. ఖాళీ వలతో లేచిందా, జట్టులోంచి శాశ్వతంగా బయటికి, మళ్ళీ టీ కెటిల్ దగ్గరికి.

ఆ రాత్రి సేత్‌కి చల్లటి బంగాళాదుంపలు దొరికాయి.

"నేను నీకు వ్యతిరేకం కాదే. ఆ కర్రకి వ్యతిరేకం."

"తిండి కూడా నాకు వ్యతిరేకం కాదు. పొయ్యికే వ్యతిరేకం. తిను."

పోటీ ఆదివారం రానే వచ్చింది. విన్నీ సంచిలో చెయ్యి పెట్టి తీస్తే వంతెన పక్క మేకు వచ్చింది. అక్కడ కాలిబాట ఇరుకు. వెనక ముళ్ళకంచె. కర్ర వెనక్కి నెట్టాలంటే బాటకి అడ్డంగానే పోవాలి. అందుకే రివాజు ప్రకారం, నెట్టేముందు "కర్ర!" అని అరవాలి. నడిచేవాళ్ళు ఆగుతారు. పక్క మేకు దగ్గర ఇంగ్‌బీ వాడు డెంజిల్ కూర్చున్నాడు. వాడి నోరు బాతు నోరు, మూతపడదు.

ఈల పడింది. విన్నీ బెండుని అవతలి పొదల కింద పెట్టింది. పెట్టిన ప్రతిసారీ తన కాళ్ళ దగ్గర నీళ్ళలో చిటికెడు పురుగులు రాల్చేది. లాకు పక్క రోజుల నాటి చేతివాటం అది.

డెంజిల్ చూశాడు. "అదేంటి ఆంటీ, చేపలు అక్కడుంటే విందు ఇక్కడా?"

"దారి తప్పి ఇంటికొచ్చేవాళ్ళకి గిన్నెలో ఇంత ఉంచుతాం కదరా. మీ ఇంట్లో ఆ అలవాటు ఉన్నట్టు లేదు."

కానీ అవతలి ఒడ్డు పలకలేదు. గాలి లేచి పొడుగు కర్రని ఇటూ అటూ ఊపేసింది. బెండు నిలవదు. డెంజిల్ చిన్నాపెద్దా లాగుతూనే ఉన్నాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. విన్నీ వల ఎండిపోయిన పొదుగులా వేలాడింది. ప్లిమ్మర్ ఒడ్డు వెంట వచ్చి వలలోకి తొంగి చూసి, టై సర్దుకుని, "కెటిల్ బాగానే ఉందండీ, చూసొచ్చాను" అని పోయాడు. విన్నీ ఆయన్ని చూడలేదు. చూస్తే నోరు ఊరుకోదు, నోరు లేస్తే గురి తప్పుతుంది.

అప్పుడు మునిగింది బెండు. ఎలాస్టిక్ జర్రున సాగింది. మంచి చేప. విన్నీ కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. రెండు చేతులా కర్రని వెనక్కి నెట్టింది, జర్రు జర్రుమంటూ. నోరు ఒక్కటే మరిచిపోయింది. పొద్దున్నించీ ప్రతిసారీ "కర్ర!" అన్న నోరు, చేప పడ్డాక అనలేదు.

వంతెన మీంచి సైకిల్ మీద దిగాడు సేత్. ఒక చేతిలో ఆవిడ మరిచిపోయిన తిండి డబ్బా. కళ్ళు బాట మీద లేవు. చేపలు పట్టేవాడు కాలువ పక్కన సైకిల్ తొక్కితే బాట చూడడు, బెండ్లు చూస్తాడు.

ఫట్‌మంది. సైకిల్ కంచెలోకి పోయింది. డబ్బాలోంచి మాంసం కూరిన రొట్టె గడ్డిలో దొర్లింది. కర్ర మొదలుముక్క కోడిగుడ్డు పెంకులా నలిగింది. చేప పోయింది.

"కర్ర అని అరవ్వేమే!"

"దారి చూసుకోవేం!"

కమిటీలో సేత్ చెయ్యెత్తిన సంగతి ఇంగ్‌బీ దాకా పాకింది. డెంజిల్‌కి పండగే. "చెయ్యెత్తి ఆపలేక సైకిల్ చక్రంతో ఆపాడ్రోయ్!" అని ఒడ్డంతా వినేలా అరిచాడు. మేకు మేకునీ ఆ మాట పాకింది.

సేత్ కంచెలోంచి ముళ్ళతో సహా లేచాడు. మొహం సున్నంలా అయింది. "ఒట్టు పిల్లా. నీ బెండు మునిగిందా అని చూస్తున్నా. మునిగింది. అది చూస్తూ..."

విన్నీ అతని మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి మొగుడి అబద్ధం వాసన తెలుస్తుంది. ఇక్కడ వాసన లేదు. వద్దని చెయ్యెత్తిన మొగుడు ఆవిడ బెండు చూస్తూ కంచెలో పడ్డాడు.

"ఇంటికెళ్ళి నా వెదురు కర్ర తెస్తాను" అన్నాడు.

"నువ్వు తెచ్చేసరికి ఈల పడుతుంది. పైగా అది ఎత్తితే నా భుజం ఊడుతుంది. వెనక కూర్చో. నోరు మూసుకో. నీ నీడ నా నీళ్ళ మీద పడనీకు."

నలిగింది మొదలు. సన్నటి కొసముక్కలు బాగానే ఉన్నాయి, ఎలాస్టిక్‌తో సహా. వాటిని విడదీసి చేత్తో ఊపి చూసింది. చిన్నప్పటి కంచెబద్ద కంటే మరీ పొడుగేం కాదు. పొడుగు కర్ర కొన్నవాళ్ళందరూ, కొన్న రోజు నుంచీ అవతలి ఒడ్డుకేసి చూడటం నేర్చుకున్నారు. తమ కాళ్ళ దగ్గర నీళ్ళున్నాయన్న సంగతే మరిచారు. అందులో విన్నీ కూడా ఉంది. కళ్ళు మరిచాయి గానీ చెయ్యి మరవలేదు. పొద్దున్నించీ చిటికెడు చిటికెడుగా అక్కడ విందు పెడుతూనే ఉంది.

దారం కురచ చేసి, లోతు సరిచూసి, బెండుని తన బూటు కొన ముందు, రాళ్ళ అంచున వదిలింది. గాలి అక్కడికి రాదు, ఒడ్డు అడ్డం.

బెండు నిలబడింది. వణికింది. మునిగింది.

వేలెడు పెర్చ్ చేప, ముళ్ళు లేపుకుని. పిల్లది, కానీ వల ఇక ఖాళీ కాదు. డెంజిల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తరవాత వెండిబిళ్ళ లాంటి రోచ్ చేప. ఇంకో రోచ్. డెంజిల్ నవ్వు తగ్గింది. విన్నీ ఎర గుచ్చడం, వదలడం, తియ్యడం, మధ్యలో చిటికెడు రాల్చడం, పిండి కలిపే చేతుల్లా అవే నడిచాయి.

ఇక ఈల పడుతుందనగా బెండు మునగలేదు, పక్కకి జారింది. విన్నీ కర్ర ఎత్తింది. కొస వంగి ఎలాస్టిక్ కాలువ మధ్య దాకా పోయింది. వెనకనించి సేత్ గొంతు వినిపించింది.

"లాగకు... లాగకు పిల్లా..."

"నోరు."

వెదురు కర్రైతే ఆ సన్నదారం ఎప్పుడో తెగేది. ఎలాస్టిక్ తెగలేదు. గుంజినప్పుడల్లా ఇచ్చింది, అలిసినప్పుడల్లా తీసుకుంది. చివరికి కంచు పళ్ళెంలాంటి బ్రీమ్ చేప పక్కకి వాలి తేలింది. చేతివల కిందికి పెట్టి ఎత్తింది విన్నీ. అప్పుడు పడింది ఈల.

ప్లిమ్మర్ కాటా పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం చూసిన ఖాళీ వలే అనుకుని ఒంటి చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు. డెంజిల్ కంటే తక్కువే తూగింది. ఆ ఏడు షీల్డు కూడా ఇంగ్‌బీ వాళ్ళే పట్టుకుపోయారు. కానీ స్కెల్‌థార్ప్ జట్టులో విన్నీ వల రెండోది. పైన ఉన్న ఒకే ఒకడు, ఆవిడ చేసిన బెండుతోనే పట్టాడు.

షెడ్డులో అందరూ చేరారు. ప్లిమ్మర్ గొంతు సవరించుకున్నాడు. "మిసెస్ హాబ్లీ జట్టులో ఉంటారు. సరే. మరి టీ?"

అందరూ విన్నీకేసి చూశారు. విన్నీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మూలనించి ఒక చెయ్యి లేచింది, ముళ్ళు గీరుకున్న చెయ్యి. సేత్‌ది.

సేత్ టీ గురించి ఎక్కువ చెప్పుకోకపోవడం మంచిది. పాలు ముందు పోస్తాడు, నీళ్ళు కాగకముందే దించుతాడు. ఇంగ్‌బీ వాళ్ళు మళ్ళీ ఏడాది ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులు తెచ్చుకున్నారు.

నలిగిన మొదలుముక్కకి గాజునార గుడ్డ చుట్టి జిగురు పోసి అతికించింది విన్నీ. పదకొండు మీటర్లది కాస్త కురచైంది, అయినా ఆవిడకి చాలు. ఒక సాయంత్రం ఆవిడ బజారు నుంచి వచ్చేసరికి వెనక సందులో చప్పుడు. సేత్ ఆ నల్లకర్రని రెండు చేతులా పట్టుకుని గోడ మీద చుక్కకి గురి చూస్తున్నాడు. నాలిక పెదవుల మధ్య పెట్టుకుని, తొలిసారి సూదిలో దారం ఎక్కిస్తున్నవాడిలా. ఆవిడని చూడలేదు. వెనక్కి నెట్టాడు, సరాసరి పక్కింటి వంటింటి కిటికీకేసి.

"కర్ర అని అరవ్వేం ముసలోడా!" అని కేకేసింది విన్నీ.